హేలో ఆటలో ‘హంటర్’: ఒక సైనికుడా, ఒక సంఘమా?

అన్యగ్రహ జీవులను కల్పించడానికి ఒక సులభమైన దారి ఉన్నది. మనిషి ఆకారాన్నే తీసుకొని, చర్మానికి పచ్చరంగు పూసి, నెత్తిన రెండు కొమ్ములు తగిలించి, చేతికొక ఆయుధం ఇస్తే చాలును. సినిమాలలోను, కంప్యూటర్ ఆటలలోను కనిపించే అన్యగ్రహవాసులలో పెక్కుమంది ఇట్టి మారువేషపు మనుషులే. ఈ దారిని విడిచిన సృష్టి ఒకటి ‘హేలో’ అనే ఆటల వరుసలో కలదు. దాని పేరు ‘హంటర్’, అనగా వేటగాడు. శాస్త్రపరీక్షకు అది ఎంతవరకు నిలుస్తుంది, ఎక్కడ తప్పిపోతుంది అని విచారించడం విద్యార్థులకు వినోదంగాను, ఉపయోగంగాను ఉంటుంది.

బంగీ అనే అమెరికన్ సంస్థ తయారుచేసిన మొదటి హేలో ఆట 2001 నవంబరులో వెలువడినది. అందలి కథ క్రీ.శ. 2552లో జరుగుతుంది. ‘కావనెంట్’ అనే కూటమి మానవజాతిపై యుద్ధం సాగిస్తూ ఉంటుంది. ఆ సైన్యంలో ఒక్కొక్క జాతికి ఒక్కొక్క పని. పొట్టివారైన గ్రంట్లు గుంపులుగా వచ్చి పడతారు. ఎలీట్లు వారిని నడుపుతారు. బరువైన ఆయుధం మోయడం హంటర్ల వంతు. పన్నెండడుగుల ఎత్తు, ఒళ్లంతా లోహకవచం, ఒక చేతికి తలుపంత డాలు, రెండవ చేతికి పచ్చని నిప్పులు కక్కే ఫిరంగి. ఇవి ఎప్పుడూ జంటగానే కనిపిస్తాయి.

ఇంతవరకు ఇందులో కొత్తదనం లేదు. కొత్తదనం కవచం లోపల ఉన్నది. హంటర్ అనే ప్రాణి నిజానికి ఒక ప్రాణి కాదు. ‘లెక్‌గోలో’ అనే పొడవైన పురుగులు అనేకం పెనవేసుకొని కాళ్లుగా, చేతులుగా, నడుముగా ఏర్పడిన సమూహం అది. జీవశాస్త్రంలో ఇట్టి సమూహాన్ని సహనివేశం అంటారు. 2007లో వచ్చిన మూడవ ఆటలో కవచపు సందులలో ఈ పురుగులు కదలడం స్పష్టంగా చూడవచ్చును. అదే ఆటలో ‘స్కారబ్’ అనే మహాయంత్రాన్ని నడిపేది కూడ ఈ పురుగులే. కనుక సైనికుని ఆకారం వాటికి సహజమైనది కాదు. పనినిబట్టి తాల్చిన రూపం మాత్రమే.

ఈ కల్పనకు ప్రకృతిలో ఆధారం ఉన్నదా? బాగా ఉన్నది. సముద్రంపై నీలిరంగు బుడగవలె తేలే ఫైసేలియా అనే జీవి చూపుకు ఒకే జంతువు. కాని తేలించే భాగం, ఆహారాన్ని పట్టే భాగం, జీర్ణించే భాగం, సంతానాన్ని కనే భాగం, ఇవన్నీ వేర్వేరు జీవులు. అయితే అవన్నీ ఒకే అండం నుండి మొగ్గలు తొడిగినవి, విడిపోయి బతకలేవు. హంటర్‌కు ఇంతకంటె దగ్గరి చుట్టం మట్టిలో ఉన్నది. 1935లో కెన్నెత్ రేపర్ వర్ణించిన డిక్టియోస్టీలియం అనే బంకబూజు అమీబాలుగా విడివిడిగా బతుకుతుంది. తిండి కరవైనప్పుడు ఆ అమీబాలు రసాయన సంకేతాలతో ఒకదానినొకటి పిలుచుకొంటాయి. లక్షవరకు కణాలు చేరి, కొన్ని మిల్లీమీటర్ల పొడవుగల ఒకే శరీరంగా పాకుతాయి. చివరకు వాటిలో సుమారు ఐదవవంతు కాడగా మారి చచ్చిపోతాయి. ఆ కాడపైకెక్కి మిగిలినవి సిద్ధబీజాలౌతాయి.

పురుగుల విషయంలోనే మరింత సూటియైన ఉదాహరణ ఉన్నది. లంబ్రిక్యులస్ అనే సన్నని నీటిపురుగులు వేలకొద్దీ చిక్కుపడి ఉండలుగా ఏర్పడతాయి. అమెరికాలో జార్జియా టెక్ శాస్త్రజ్ఞులు 2021లో ప్రకటించిన పరిశోధనలో, అట్టి ఉండ ఒకే వస్తువువలె ఒక దిక్కుకు నడవగలదని తేలినది. ముందువైపు పురుగులు లాగుతాయి. వెనుకవి మెలికలు తిరుగుతూ నేల రాపిడిని తగ్గిస్తాయి. ఆజ్ఞాపించే నాయకపురుగు లేదు. ఆ ఉండ చిక్కుపడడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. ఆపద తోచగానే విడిపోవడానికి మాత్రం రెప్పపాటు కాలం కూడ అక్కరలేదు. ఆట మొదలైన ఇరవై ఏళ్లకు ప్రయోగశాల దానికి సాక్ష్యం పలికినట్లయినది.

ఐతే ఉండగా దొర్లడం వేరు, రెండు కాళ్లపై నిలబడడం వేరు. 1638లో గెలీలియో వివరించిన సూత్రాన్ని ఇక్కడ స్మరించవలెను. ఆకారం మారకుండా ఎత్తు రెండింతలైతే, కాలి అడ్డుకోత వైశాల్యం నాలుగింతలే అవుతుంది; బరువు ఎనిమిదింతలౌతుంది. ఆరడుగుల మనిషి బరువు 70 కిలోలనుకొంటే, పన్నెండడుగుల మనిషి 560 కిలోలు తూగుతాడు. ప్రతి చదరపు సెంటీమీటరు ఎముకపై భారం రెట్టింపౌతుంది. హంటర్‌కు ఆ ఎముక కూడ లేదు. ఏనుగు తొండం, మనిషి నాలుక ఎముక లేకుండానే పనిచేస్తాయి గదా అని విద్యార్థి అడగవచ్చును. నిజమే, కాని ఏనుగు తొండంపై నిలబడదు. కవచమే బయటి అస్థిపంజరంగా భారం మోస్తున్నదని సరిపెట్టుకొంటే ఈ చిక్కు కొంత తీరుతుంది. ఊపిరి చిక్కు మిగిలే ఉంటుంది. వానపామువలె చర్మంతో శ్వాసించే ప్రాణి సన్నగా ఉండి తీరవలెను. దట్టంగా పేనిన తొడలో నడిమి పురుగుకు ఆక్సిజన్ చేరే మార్గం ఏదో ఆట చెప్పదు.

ఇవి క్షమింపదగిన లోపాలు. కల్పనకు ఆ మాత్రం వెసులుబాటు ఇవ్వవలెను. పైగా ఒక విషయంలో ఈ భారీ దేహం సమంజసమే: న్యూటన్ మూడవ సూత్రం ప్రకారం ఫిరంగి గుండును ఎంత బలంగా ముందుకు నెట్టితే, పట్టినవానిని అంత బలంగా వెనుకకు నెట్టుతుంది. దానిని తట్టుకొనడానికి భారీ శరీరం కావలెను.

క్షమింపరానిది మరొకటి. మొదటి ఆటలో హంటర్ వీపున కవచం లేని నారింజరంగు భాగం ఒకటి ఉన్నది. వెనుకకు చేరి అక్కడ ఒక్క పిస్తోలు గుండు పేల్చితే ఆ మహాకాయం కుప్పకూలుతుంది! ఆటగానికి ఇది మంచి ఉపాయమే. ఎదుట నిలిచి బలంతో గెలవలేనిచోట, అది మీదికి దూకేవరకు ఆగి, పక్కకు తప్పుకొని గెలవడం నేర్పుతుంది. కాని సహనివేశానికి గుండెకాయ లేదు, తల లేదు. ఒక గుండుకు చచ్చేవి రెండు మూడు పురుగులు. తక్కినవి ఎందుకు చావవలెను? లంబ్రిక్యులస్ పురుగును ముక్కలు చేసినా పెక్కు ముక్కలు మళ్లీ పూర్తి పురుగులుగా పెరుగుతాయి. ఆట సృష్టికర్తలు లోపల సంఘాన్ని ఊహించి, చావును మాత్రం వ్యక్తికిచ్చినట్లు ఇచ్చినారు. రెండవ ఆట మొదలు ఒక్క గుండుతో కూలే పద్ధతి పోయినది. ఐనా వీపే మర్మస్థానంగా మిగిలినది.

ఈ తప్పును చాలవరకు కప్పివేసే ఒప్పు జంట విషయంలో ఉన్నది. సమూహం మితిమీరి పెరిగినప్పుడు రెండుగా చీలుతుందనీ, ఆ రెండూ సోదరులుగా పక్కపక్కనే పోరాడతాయనీ హేలో కథ చెప్పుతుంది. ఒకటి కూలితే రెండవది ఒళ్లు తెలియని కోపంతో మీద పడుతుంది. ఇది కేవలం నాటకం కాదు. దగ్గరి రక్తసంబంధీకుల కోసం ప్రాణి తన నష్టానికి ఎందుకు ఓర్చుకొంటుందో 1964లో డబ్ల్యు. డి. హామిల్టన్ గణితంతో చూపినాడు. ఒకే దేహం చీలి ఏర్పడిన జంటకు అంతకంటె దగ్గరి బంధువు మరొకరు ఉండరు. అచ్చట పడినది తోడి సైనికుడు కాదు, తనలో సగం.

ఆటగానికి ఇదంతా తుపాకి గురిలోనుండి కనబడదు. అతనికి కనబడేది కవచం, ఫిరంగి, వీపున ఒక మచ్చ. ఆటలో గెలుపుకు అంతకుమించి అక్కరలేదు కూడ. శత్రువును గురిగా చూడడం ఆట పని; అది ఏ పదార్థంతో, ఏ ఏర్పాటుతో బతుకుతున్నదని చూడడం శాస్త్రం పని. ఇంట్లో హేలో ఆడి వచ్చిన విద్యార్థి “ఇట్టి జీవి ఉండగలదా?” అని తరగతిలో అడిగితే, పిచ్చి ప్రశ్న అని కసరకుండా, ఆ ఉపాధ్యాయుడు నల్లబల్లపై ఆరడుగుల మనిషిని, పన్నెండడుగుల మనిషిని గీయవలెను. గెలీలియో అక్కడి నుండి బయలుదేరుతాడు. బంకబూజు, నీటిపురుగు వెనువెంట వస్తాయి. పాఠం ముగిసేసరికి, హంటర్ బలం దాని ఫిరంగిలో లేదనీ, కలిసి ఉండడంలో ఉన్నదనీ ఆ విద్యార్థే చెప్పగలడు.