రాగి పళ్లెం తిరిగితే

మా న్యాల్‌కల్ వైపు అల్లం వేసినా, చెరకు వేసినా, ఆలుగడ్డ వేసినా చాలామందికి బోరు మోటారే దిక్కు. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలయ్యాక అర్ధరాత్రి టార్చిలైటు పట్టుకుని స్టార్టరు దగ్గరికి పరుగెత్తే తిప్పలు తగ్గాయి. అయితే ఇంతగా నమ్ముకున్న ఆ యంత్రం ఎలా తిరుగుతుందో కళ్లారా చూసినవాళ్లు అరుదు. అది స్టీలు గొట్టంలో మూసుకుని, వందల అడుగుల లోతులో ఉంటుంది. కాలిపోయినప్పుడే పైకి వస్తుంది, వచ్చిన వెంటనే జహీరాబాద్ వైండింగ్ షాపుకు పోతుంది. తొలినాటి మోటార్లకు నకళ్లు తయారుచేసి, దొరికినవి సేకరించి, నలుగురి ముందు నడిపించే పని నేను పెట్టుకున్నది అందుకే. వాటిలో దాపరికం లేదు. ప్రతి తీగా, ప్రతి అయస్కాంతమూ బయటే కనిపిస్తాయి.

నకళ్ల సంప్రదాయానికి మోటారుకున్నంత వయసుంది. 1821 సెప్టెంబరులో మైకేల్ ఫారడే పాదరసం గిన్నెలో వేలాడే తీగను అయస్కాంతం చుట్టూ తిప్పాడు. ఆ తర్వాత జేబులో పట్టేంత చిన్న పరికరాలు చేయించి తోటి శాస్త్రవేత్తలకు పంపాడు. తన మాట నమ్మమని కాక, మీరే తిప్పి చూసుకోండని! ఆ పద్ధతి నాకెంతో ఇష్టం. పాదరసం విషం కాబట్టి నేను గిన్నెలో ఉప్పునీళ్లు పోస్తాను. తీగ నెమ్మదిగానే అయినా తిరుగుతుంది.

మరుసటి ఏడాది పీటర్ బార్లో చేసిన చక్రం సైన్సు పరికరాలకు పేరుపడ్డ అంబాలాలో ఇప్పటికీ తయారవుతుంది. నేను చేసుకున్న దానిలో పాదరసం తొట్టి బదులు సన్నని రాగి తీగల కుచ్చు రాగి చక్రం అంచును తాకుతూ ఉంటుంది. కరెంటు మితిమీరకుండా మధ్యలో ఒక హెడ్‌లైటు బల్బు పెట్టాను. బల్బు వెలిగిందంటే చక్రం కదలాలి. కదలకపోతే కుచ్చు గట్టిగా ఒత్తుకుంటోందన్నమాట.

నా మనసుకు అన్నిటికన్నా దగ్గరైనది థామస్ డావెన్‌పోర్ట్ మోటారు. ఆయన అమెరికాలోని వెర్మాంట్‌లో కమ్మరి. ఇనుప ఖనిజాన్ని వేరుచేసే విద్యుదయస్కాంతాన్ని చూసి, దాన్ని కొని, విప్పి, ఎలా చుట్టారో నేర్చుకుని 1834లో మోటారు చేశాడు. 1837 ఫిబ్రవరి 25న 132వ నంబరు పేటెంటు పొందాడు. అప్పటికి ఇప్పటిలా ఎనామిల్ పూత తీగ బజారులో దొరికేది కాదు. భార్య ఎమిలీ తన పెళ్లినాటి పట్టు గౌను చింపి తీగ చుట్టడానికి ఇచ్చిందని చెబుతారు. నేనూ పూత లేని రాగి తీగే తెచ్చి, చిరిగిన పట్టుచీరను వేలెడు వెడల్పు పేలికలుగా కోసి చుట్టాను. పట్టు ఒక్కచోట జారి ఒక చుట్టు ఇంకో చుట్టును తాకితే చాలు, కరెంటు దగ్గరి దారి పడుతుంది, అయస్కాంతం బలం పడిపోతుంది, తీగ వేడెక్కుతుంది. మన బోరు మోటార్లలో కాయిల్ కాలడమంటే చాలాసార్లు ఇదే. వైండింగ్ మిస్త్రీ ప్రతి చుట్టునూ వేలితో తడిమి ఎందుకు చూస్తాడో పట్టు పేలికలు చుట్టినప్పుడు బాగా అర్థమవుతుంది.

మరి అంత మంచి మోటారు దశాబ్దాల పాటు ఎందుకు మూలపడింది? 1840లో ఆయన తన మోటారుతో అచ్చుయంత్రం కూడా నడిపి పత్రిక వేశాడు. అయినా 1851లో చనిపోయేనాటికి చేతిలో మిగిలిందేమీ లేదు. లోపం మోటారులో కన్నా బ్యాటరీలో ఉంది. ఎరువుల దుకాణంలో దొరికే మైలుతుత్తం, ఒక జింకు రేకు, ఒక రాగి రేకు, మధ్యన కాల్చిన మట్టి గురిగితో డేనియల్ సెల్లు కడతాను. మోటారు తిరిగినంతసేపూ జింకు కరిగిపోతూనే ఉంటుంది. అప్పట్లో కరెంటు అంటే ఈ జింకును తగలేయడమే. మంచి ఆవిరి యంత్రంలో పౌను బొగ్గు చేసే పనిలో పావు వంతు కూడా బ్యాటరీలో పౌను జింకు చేయలేదని జేమ్స్ జౌల్ లెక్కగట్టాడు. పైగా జింకు ధర ఎక్కువ. ఇప్పుడు జహీరాబాద్ మహీంద్రా కర్మాగారంలో బ్యాటరీ ఆటోలు తయారవుతున్నాయి. బ్యాటరీ కుదిరాకే బండి కుదిరింది.

బోరు మోటారుకు అసలు పూర్వీకుడు మాత్రం వాల్టర్ బెయిలీ పరికరం. 1879 జూన్ 28న లండన్ ఫిజికల్ సొసైటీలో దాన్ని చూపించాడు. నాలుగు విద్యుదయస్కాంతాలు, వాటి మీద సూదిమొన మీద నిలిచిన రాగి పళ్లెం, పక్కన ఒక పిడి. పిడి తిప్పుతుంటే అయస్కాంతాల్లో కరెంటు వంతులవారీగా మారుతుంది. పళ్లేనికి తీగ లేదు, బ్రష్షు లేదు, ఏదీ తాకదు. అయినా తిరుగుతుంది! రాగి అయస్కాంతానికి అంటుకోదని అందరికీ తెలుసు కాబట్టి చూసేవాళ్లకు ముందు నమ్మకం కలగదు. మారే అయస్కాంత బలం ఆ రాగిలోనే కరెంటు పుట్టిస్తుంది, ఆ కరెంటే దాన్ని లాక్కుపోతుంది. పిడి వెనక్కి తిప్పితే పళ్లెం కూడా వెనక్కి తిరుగుతుంది.

ఒకసారి ఇది చూపిస్తుంటే ఓ పెద్దాయన ముందుకొచ్చి పిడి తానే అటూ ఇటూ తిప్పి చూశాడు. "సారూ, కొత్త మోటరు దించినప్పుడు నీళ్లు సన్నగొస్తే స్టార్టరు కాడ రెండు వైర్లు అటుదిటు చేస్తం గదా, గిదే గదా అది?" అన్నాడు. అదే. మూడు ఫేజుల్లో రెంటిని మార్చితే లోపలి అయస్కాంత క్షేత్రం ఎదురు తిరుగుతుంది. బెయిలీ చేత్తో చేసిన పనిని సెకనుకు 50 సార్లు కరెంటే చేస్తుంది. ఫెరారిస్, టెస్లా 1888లో లోకానికి చూపింది, మరుసటి ఏడాది డొలివో డొబ్రొవోల్‌స్కీ మూడు ఫేజులకు కుదిర్చింది ఈ సూత్రాన్నే. ఆ పెద్దాయనకు ఆ పేర్లేవీ తెలియవు, విషయం తెలుసు. మన పల్లెల్లో ఇలాంటి జ్ఞానం స్టార్టరు పెట్టెల దగ్గర ఎంతో ఉంది. బడిలో సైన్సు పాఠం దాన్ని పలకరించకుండానే సాగిపోతోంది.

అందుకే హైస్కూలు సైన్సు ఉపాధ్యాయులకు ఒక మనవి. బెయిలీ పరికరం చేయడానికి నాలుగు బోల్టులు, కొంత తీగ, ఒక రాగి రేకు చాలు. పిల్లల చేతే చుట్టించండి. రైతులకూ, మిస్త్రీలకూ ఇంకో మనవి: పనికిరాదని తేలిన పాత మోటారును పాత సామాన్లవాడికి వేసే ముందు ఒకదాన్ని నిలువునా కోయించి మీ ఊరి బడికి ఇవ్వండి. కాలిన కాయిల్‌ను కూడా అలాగే ఉంచండి.