దిష్టి మోసే బొమ్మలు: గడ్డి, ఎర్రచందనం, పొనికి

రామవరప్పాడు రింగు దాటి గన్నవరం విమానాశ్రయం వైపు వెళ్తుంటే జాతీయ రహదారికి రెండు పక్కలా కడుతున్న భవనాలు వరసగా కనిపిస్తాయి. సెంట్రింగు కర్రలకో, పైకి పొడుచుకొచ్చిన ఇనుప చువ్వలకో దిష్టిబొమ్మ వేలాడని భవనం అరుదు. అయితే ఆ బొమ్మల్లో రెండు జాతులున్నాయి. ఒకటి వరిగడ్డి కూరిన పాతచొక్కా, మసికుండ తల, సున్నంతో దిద్దిన కళ్లు. రెండోది అచ్చులో పోసిన ప్లాస్టిక్ రాక్షసుడి ముఖం. కోరలు, మీసాలు, ఎర్రనాలుక అన్నీ ఉంటాయి, కాకపోతే ప్రతి భవనానికీ అదే ముఖం. రెండూ దిష్టికేగా, ఏదైతేనేం అంటారు చాలామంది. అక్కడే పొరపాటు. మనిషికి పట్టిన కీడును, భయాన్ని, నలతను తనమీదికి తీసుకునే బొమ్మ మన నేలమీద చాలా పాతది. దాని పని మూడు మెట్లలో జరుగుతుంది. ముందు దాన్ని చేత్తో చెయ్యాలి, తర్వాత మన బాధను దానికి అప్పగించాలి, చివరికి దాన్ని మట్టికో నీటికో నిప్పుకో వదిలెయ్యాలి. మూడింటిలో ఏ మెట్టు తప్పినా మిగిలేది గోడకు కొట్టిన మేకు, దానికో బరువు.

దిష్టిబొమ్మ అనే మాటకు తెలుగులో మూడు బతుకులు. చేలో నిలబెడితే పిట్టల్ని తోలుతుంది. ఇంటికి కడితే చూపును మళ్లిస్తుంది. విజయవాడ కూడలిలో ధర్నా జరిగిన రోజున ఎవరో నాయకుడి పేరు మోసి తగలబడుతుంది, దాన్నీ మనం దిష్టిబొమ్మ దహనమనే అంటాం. మూడుచోట్లా సూత్రం ఒక్కటే: అసలువాడికి తగలవలసింది బొమ్మకు తగలాలి. నరుడి కంటికి నల్లరాళ్లు కూడా పగులుతాయని నమ్మిన జనం, కొత్త గోడమీద పడే మొదటి చూపును పక్కకు లాగడానికి ఒక ముఖాన్ని కనిపెట్టారు. మహిమ సంగతి అటుంచండి, ఇందులో కంటిని గురించిన తెలివిడి ఉంది. దారినపోయే మనిషి చూపు ముందు ముఖాన్ని వెతుకుతుంది, ముఖంలో కళ్లను వెతుకుతుంది. పనితనం తెలిసినవాడు అందుకే ఒంటిని ఎలా చేసినా కళ్ల దగ్గర మాత్రం తొందరపడడు. ఒక కన్ను పళ్లెమంత, రెండోది కాస్త చిన్నది, కాస్త వంకర. ఆ వంకర దగ్గరే చూపు చిక్కుకుంటుంది. అచ్చులో పోసిన ముఖంలో రెండు కళ్లూ సమానం. పదోసారి చూసేసరికి అది కంటికి ఆనదు, కంటికి ఆనని బొమ్మ దిష్టిని ఏం ఆపుతుంది?

గడ్డిబొమ్మ చెయ్యడం చూడ్డానికి తేలికే, చెయ్యబోతే తెలుస్తుంది. ముందు రెండు కర్రలు అడ్డంగా కట్టాలి. పొడుగాటి వరిగడ్డిని తడిపి, మెలిపెట్టి వెంట్లు పేనాలి. ఆ వెంట్లను కర్రల చుట్టూ బిగించి చుట్టినప్పుడే భుజం భుజంలా నిలుస్తుంది, లేకపోతే నాలుగు వానలకే బొమ్మ నడుము దగ్గర కుంగిపోతుంది. గడ్డిని అడ్డదిడ్డంగా కుక్కితే పొట్ట ఒక్కటే ఉబుకుతుంది. పనిమంతుడు నిలువుగా పరచి కూరుతాడు కనుక గాలి వీచినప్పుడు బొమ్మ ఒళ్లు విరుచుకున్నట్టు కదులుతుంది. ఆ కదలికే దాని ప్రాణం. మసికుండ మీద సున్నం వేలితో దిద్దుతారు, కుంచె ఉండదు, కొట్టివేత ఉండదు. వేలు ఆగిన చోట చుక్క, జారిన చోట మీసం. పొలంపనులు ఎరిగిన పెద్దవాళ్లు అరగంటలో చేసి పడేసే ఈ పనిని ఎవరూ కళ అనలేదు, వాళ్లకు ఏ బిరుదూ ఇవ్వలేదు. ఇప్పుడు దానికి ముడిసరుకే కరువవుతోంది. కోత మిషన్లు వచ్చాక డెల్టాలో గడ్డి నలిగి, తునకలై పొలంలో పడుతోంది. కొడవలితో కోసి, పనలు కట్టి, వామి వేసిన గడ్డికి ఉండే పొడుగు దానికి లేదు. వెంటి పేనాలంటే ఆ పొడుగే కావాలి. వరిపంటకు పేరుపడ్డ కృష్ణా డెల్టాలో దిష్టిబొమ్మకు గడ్డి దొరకదంటే వినడానికే సిగ్గుగా లేదూ!

రెండో బొమ్మ మన జిల్లాది కాదు, అయినా మన ఇళ్లలోకి తిరుపతి యాత్రతోపాటు వచ్చింది. ఎర్రచందనంతో చెక్కిన రాజా రాణీ జంట, మరపాచి బొమ్మలు. ఒకే ముక్కలో చెక్కిన బొమ్మ. చేతులు ఒంటికి అతుక్కుని ఉంటాయి, కాళ్లు విడివడవు, ముక్కు ఒక గీత, కళ్లు రెండు గాట్లు. అంత తక్కువ చెక్కుడులో అంత ఠీవి తేవడం సామాన్యమా? పిల్లలు వాటికి చీరలు కట్టి పెళ్లిళ్లు చేసేవారు, పళ్లు వచ్చే పసివాళ్లు నోట పెట్టుకుని చీకేవారు. ఒంటిమీద సెగగడ్డో, వాపో వస్తే ఇంట్లో పెద్దావిడ అదే కర్రను సానరాయి మీద అరగదీసి ఆ ఎర్రని గంధం పట్టు వేసేది. రక్తచందనం చలవ చేస్తుందని, వాపులకు పనికొస్తుందని ఆయుర్వేదం చెప్పినదే. ఆటబొమ్మా మందుకర్రా ఒకే వస్తువు కావడంలో ఎంత పొందిక ఉందో చూడండి. పసివాడి కోసం పుట్టి, వాడికోసమే అరిగిపోయే బొమ్మ అది. ఈ చెట్టు శేషాచలం, దాని చుట్టుపక్కల కొండల్లో తప్ప లోకంలో మరెక్కడా సహజంగా పెరగదు. 1995 నుంచి సైట్స్ ఒప్పందం కింద దాని అంతర్జాతీయ వ్యాపారం మీద నియంత్రణ ఉంది. దొంగరవాణా కథలు అందరికీ తెలిసినవే. దుంగలు దొంగదారిన సముద్రాలు దాటుతుంటే, మన పిల్లలకు దక్కుతున్నది ఎర్రరంగు పూసిన ఏదో చెక్క. పరీక్ష సులువు: అసలు ఎర్రచందనం నీళ్లలో మునిగేంత బరువు, నకిలీ తేలిపోతుంది.

తేలే చెక్కకు కూడా గౌరవం ఉంది, అదే మన కొండపల్లి పొనికి. ఇక్కడ ఈ వ్యాసానికి పక్షపాతం ఉందని ఒప్పుకోవడమే మర్యాద. గన్నవరం నుంచి విజయవాడ దాటి ఇబ్రహీంపట్నం వైపు వెళ్తే చాలు, కొండపల్లి బొమ్మల కాలనీ వస్తుంది. అక్కడ బొమ్మలు చేసే ఆర్యక్షత్రియులు కొన్ని వందల ఏళ్ల కిందట రాజస్థాన్ నుంచి వచ్చారంటారు, తమ మూలపురుషుడు ముక్తర్షి అంటారు. అది వాళ్ల ఇంటి కథ, అలాగే ఉండనిద్దాం. పనిలోకి వద్దాం. తెల్లపొనికి చెక్కను సన్నని సెగమీద ఆరబెట్టి తేమ లాగేస్తారు. తల, మొండెం, చేతులు, కాళ్లు వేరువేరుగా చెక్కి, చింతగింజల పిండిలో రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతుకుతారు. అతుకు ఎక్కడుందో ఆకురాయి పట్టిన చేతికి తప్ప ఎవరి కంటికీ తెలియదు. ఆపైన సున్నపు పూత, మేకవెంట్రుకల కుంచెతో రంగులు. అంబారీ ఏనుగును చూడండి: బరువుగా నడిచివస్తున్నట్టుంటుంది, చేతిలోకి తీసుకుంటే దూదిలా తేలిక. తాటిచెట్టు ఎక్కే గీతకార్మికుడి బొమ్మలో పిడికెడు చెక్క అంత ఎత్తుకు పాకిన మనిషిగా మారడం చూస్తే, ఇంతకంటే చెప్పడానికి మాటలు ఉండవు. ఈ బొమ్మలకూ దిష్టికీ ఏం సంబంధం అంటారా? కోస్తాలో బొమ్మలకొలువు ఎక్కువగా సంక్రాంతికి పెడతారు. భోగి సాయంత్రం ఆ కొలువు ఎదుటే పిల్లల్ని కూర్చోబెట్టి రేగుపళ్లు, చెరకు ముక్కలు, చిల్లర, పూలరేకులు తలమీద పోసి దిష్టి తీసి హారతి ఇస్తారు. బొమ్మల మధ్య బిడ్డ మరో బొమ్మలా కూర్చుంటాడు. పేరంటాళ్ల కళ్లన్నీ అటూ ఇటూ పంచుకుపోతాయి. గడ్డిబొమ్మ ఇంటిముందు చేసే పనిని కొండపల్లి కొలువు ఇంటిలోపల చేస్తోందన్నమాట.

పక్షపాతం ఉన్నా ఒక విషయంలో కొండపల్లి తల వంచాలి. వెలిసిపోని మెరుపు కోసం ఎనామిల్ రంగుల వైపు చాలా చేతులు మళ్లాయి. పసివాడు నోట పెట్టుకునే వస్తువుకు అది తగదు, పైగా రేపు మట్టిలో కలవాల్సిన చెక్కకు చుట్టూ తొక్క కట్టినట్టవుతుంది. వరాహ నది ఒడ్డున ఏటికొప్పాకలో దారి వేరు. అంకుడు కర్రను తరిణ పట్టి, తిరుగుతుండగానే లక్కరంగు అద్ది, మొగలి ఆకుతో మెరుగు పెడతారు. ఆకులు, గింజలు, బెరళ్ల నుంచి తీసిన రంగులను మళ్లీ ఆ లక్కలోకి తెచ్చిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. ఏటికొప్పాకకు 2017లో భౌగోళిక సూచిక దక్కింది, 2025 గణతంత్ర దినాన రాష్ట్ర శకటంగా ఢిల్లీ వీధుల్లో ఊరేగింది. అంకుడు ఆకును సిద్ధవైద్యం చర్మరోగాలకు వాడుతుంది, అంటే అక్కడా చెక్క మందుచెట్టుదే. చెక్కుడులో, భావంలో కొండపల్లిని మించింది లేదనే అంటాను. రంగు విషయంలో మాత్రం ఏటికొప్పాక దగ్గర పాఠం చెప్పించుకోవడంలో చిన్నతనం ఏమీ లేదు.

ఇదంతా మనకొక్కరికే ఉన్న పిచ్చి అనుకోనక్కర్లేదు. జపానులో జూన్, డిసెంబరు నెలాఖర్లలో జరిగే శుద్ధి క్రతువులో కాగితపు మనిషిబొమ్మను ఒంటికి రాసుకుని, దానిమీద ఊపిరి ఊది, నీటికో నిప్పుకో వదులుతారు. గ్వాటెమాలాలో దారాలు చుట్టిన వేలెడంత బొమ్మలకు పిల్లలు రాత్రిపూట బెంగలు చెప్పుకుని తలగడ కింద పెట్టుకుంటారు. మన తోలుబొమ్మలాటలో విరాటపర్వం ఆడిస్తే వాన కురుస్తుందని నమ్మిన ఊళ్లు ఉన్నాయి. అక్కడ ఊరంతటికీ వచ్చిన నలతను బొమ్మ భుజానికెత్తుకుంది. ఆ విద్యను నిలబెట్టిన నిమ్మలకుంట దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ ఇచ్చారు. నిన్నమొన్నటి రేకీలో సైతం, దూరాన ఉన్న రోగికి బదులు ఒక బొమ్మను ఒళ్లో పెట్టుకుని దానిమీద చేతులుంచే పద్ధతి ఉంది. శక్తి ప్రసరిస్తుందని వాళ్లంటారు. శక్తిని కొలిచే త్రాసు ఏదీ లేదు కానీ, పట్టుకోవడానికి ఒక ఆకారం ఉంటే చేతికి, మనసుకు కుదురు చిక్కుతుందన్న ఎరుక అన్నిచోట్లా ఒక్కటే.

ఇక అసలు అభ్యంతరం: ఇది మూఢనమ్మకం కాదా? బొమ్మ జబ్బు నయం చేస్తుందని చెప్పి అమ్మితే మూఢనమ్మకమే కాదు, నేరం కూడా. తాయెత్తులు, మంత్రాలు, కవచాలతో రోగాలు కుదురుస్తామనే ప్రకటనలను 1954 నాటి చట్టం నిషేధించింది, అది మంచి చట్టం. జ్వరానికి డాక్టరు, బెంగకు బొమ్మ. ఈ హద్దు చెరిపినవాడు బొమ్మకూ ద్రోహే. కానీ బెంగకు బొమ్మ పనిచెయ్యదనడానికి ఆధారం లేదు. 2010లో హార్వర్డుకు చెందిన టెడ్ కప్చుక్ బృందం, పేగుల బాధ ఐబీఎస్ ఉన్న 80 మందిలో కొందరికి ఇది మందులేని ఉత్త మాత్ర అని ముందే చెప్పి ఇచ్చింది. ఏమీ ఇవ్వనివాళ్లకంటే వాళ్లకు ఎక్కువ ఉపశమనం కలిగింది. ఉపశమనమే, రోగం కుదరడం కాదు. అయినా శ్రద్ధగా జరిపించే ఒక తంతు మనిషికి ఊరటనిస్తుందనడానికి అది చాలు. మరో అభ్యంతరం ఇంకా బరువైనది: బొమ్మకు సూదులు గుచ్చి చేతబడి చేశారని, బాణామతి అని మనుషుల్నే కొట్టి చంపిన వార్తలు చదివాం కదా? చదివాం. అక్కడ బొమ్మ దారి తిరగబడింది. దిష్టిబొమ్మ మనిషి కీడును తాను మోస్తుంది, చేతబడి కథ బొమ్మ కీడును మనిషికి అంటగడుతుంది. రెండోదాన్ని ఎదిరించడానికి మొదటిదాన్ని పారేస్తే, భయానికి ఉన్న మెత్తని దారి మూసి కరకుదారి తెరిచినట్టే.

నకిలీ చవకగా వస్తుందనే వాదన మిగిలింది. గడ్డిబొమ్మకు ఖర్చేముంది? పాతచొక్కా, పగిలిన కుండ, గుప్పెడు సున్నం, ఒక పెద్దాయన అరపూట కూలి. చవక మాట ఒక సాకు, అసలుది బద్ధకం. రోడ్డుపక్క కొట్లో వేలాడే ప్లాస్టిక్ కోరలు, కార్ల అద్దాలకు కట్టే విదేశీ నీలికన్ను పూసలు, ఫ్లెక్సీ మీద అచ్చయిన దిష్టి వినాయకుడు, వీటికి ఏ ఊరూ లేదు, ఏ చెయ్యీ లేదు. గృహప్రవేశం అయ్యాక గడ్డిబొమ్మను విప్పేస్తారు, ఆ స్థానంలో గుమ్మడికాయ వస్తుంది. గడ్డి కాలిపోతుంది, కుండ పగిలిపోతుంది, కీడు వాటితోపాటు పోయిందని మనసు తేలికపడుతుంది. ప్లాస్టిక్ రాక్షసుడు ఎక్కడికి పోతాడు? కాల్చితే విషప్పొగ, పారేస్తే ఏలూరు కాలువలో అడ్డు. తీసేసిన దిష్టి పక్క ఊరి రేవు దగ్గర నవ్వుతూ కూర్చుంటుంది. వదిలెయ్యడానికి వీల్లేని వస్తువుకు కీడును అప్పగించి లాభమేమిటి?

కనుక ఇల్లు కట్టేవాళ్లకు ఒక్క విన్నపం. మీ పొలం పక్కనో, మీ మేస్త్రీ కూలీల్లోనో వెంటి పేనడం వచ్చినవాళ్లు ఇంకా ఉన్నారు. ఈసారి బొమ్మ వాళ్లచేత చేయించండి, చేస్తుంటే మీ పిల్లల్ని పక్కన కూర్చోబెట్టండి, కుండమీద ఒక కన్ను వాళ్లచేత దిద్దించండి. వంకరగానే వస్తుంది, రావలసిందీ అలాగే. సంక్రాంతికి కొండపల్లి వెళ్లి, సహజరంగు వేసిన బొమ్మే కావాలని అడిగి కొనండి. అడిగేవాళ్లుంటే వేసేవాళ్లుంటారు. ఒకప్పుడు కొండమీదికి వెళితే దొరికిన పొనికి ఇప్పుడు కరువైంది, అటవీశాఖ మొక్కలు నాటిస్తే పదేళ్ల తర్వాతైనా చెక్క చేతికొస్తుంది. కొత్తింటికి మొదటి వాన వచ్చినప్పుడు ఆ గడ్డిబొమ్మ తడిసి, సున్నపు కళ్లు కారి, చొక్కా వెలిసిపోతుంది. అప్పుడు జాలిపడి మార్చకండి. అది తన పని మొదలుపెట్టింది.