ఒకటిన్నర కంపనము

శృంగవరపుకోటలో మా యింటి వ్రాతబల్లపై చాల యేండ్లుగా ఒక కాల్సైటు స్ఫటికము ఉన్నది. అగ్గిపెట్టె కంటె కొంచెము పెద్దదై, నీటివలె తేటయై, ఒక ప్రక్కకు ఒరిగినట్లుండు ఆ ముక్కను వార్తాపత్రికపై నుంచినచో, దాని క్రింది ప్రతి యక్షరమును రెండుగా కనబడును. మెల్లగా త్రిప్పినచో ఒక అక్షరము కదలక నిలిచియుండ, రెండవది దాని చుట్టును ప్రదక్షిణము చేయును. మా యూరి స్టేషనులో అరకు రైలెక్కి, సొరంగములు దాటి, బొర్రా గుహలలోనికి దిగినవారు కప్పునుండి వ్రేలాడు రాతిధారలను చూచియే యుందురు. అవియు నీ కాల్సియం కార్బనేటే.

ఇట్టి స్ఫటికములోని పరమాణువులు ఎన్ని విధముల కంపింపగలవో, వానిలో ఎన్ని రామన్ వర్ణపటమున, అనగా స్ఫటికము చెదరగొట్టిన కాంతి వర్ణపటమున, గీతలై కానవచ్చునో, ప్రయోగశాలలో దీపము వెలిగింపక మునుపే కాగితముపై లెక్కించి చెప్పు విద్య యొకటి కలదు. కళాశాలలో భౌతికశాస్త్రము చెప్పిన కాలమంతయు నేను మిక్కిలి ప్రేమించినది ఆ విద్యనే. అది మనకు ఇరుగుపొరుగున పెరిగిన విద్య యగుట నా ప్రేమకు మరియొక కారణము.

నాటి కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో 1909లో జన్మించిన సూరి భగవంతము గారు, 1928లో కలకత్తా చేరి రామన్ గారి కడ పనిచేసి, 1932లో వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు వచ్చిరి. జయపురాధీశ్వరులు విక్రమదేవవర్మ గారి దాతృత్వముతో అచ్చటి విజ్ఞాన కళాశాల నిలద్రొక్కుకొనుచున్న దినములవి. భౌతికశాస్త్రజ్ఞులైన భగవంతము గారును, గణితజ్ఞులైన టి. వెంకటరాయుడు గారును కలిసి, రామన్ ఫలితమునకును స్ఫటిక నిర్మాణమునకును గల సంబంధమును గూర్చి 1939లో ఒక పత్రము ప్రకటించిరి. 1948లో ఈ విద్యకు మూలమైన సమూహ సిద్ధాంతమును, భౌతిక సమస్యలయందు దాని వినియోగమును వివరించు గ్రంథమును వాల్తేరునుండియే వెలువరించిరి. భగవంతము గారు పిమ్మట అధిష్ఠించిన పెద్ద పదవులను అందరును చెప్పుకొందురు గాని, నాకు మాత్రము ఒక గ్రంథము ముఖపత్రముపై ఈ రెండు పేర్లు ప్రక్కప్రక్కన నుండుటయే వాని యన్నిటికంటె గొప్పగా తోచును. ఒక మేడ క్రింది అంతస్తున భౌతికమును, పై అంతస్తున గణితమును బోధించుచు, ఏండ్ల తరబడి ఒకరి తరగతిలోనికి ఒకరు తొంగిచూడని కళాశాలలో పనిచేసిన వాని మాట యిది.

ఆ లెక్క తీరు చెప్పెదను. కాల్సైటు యూనిట్ సెల్‌లో, అనగా స్ఫటికమంతటను మరల మరల వచ్చు అతిచిన్న గడిలో, పరమాణువులు పది: కాల్సియములు రెండు, కార్బనులు రెండు, ఆక్సిజనులు ఆరు. ఒక్కొక్కటి మూడు దిక్కుల కదలగలదు గనుక మొత్తము చలనములు 30. స్ఫటికమును దాని సౌష్ఠవమునకు తగినట్లు త్రిప్పినట్లు భావించి, ప్రతి త్రిప్పునకును చోటు మారక నిలిచిన పరమాణువులనే లెక్కగొనవలెను; చోటు మారినదాని వాటా సున్న. అట్లు కూడి, తీసివేసి, సౌష్ఠవ క్రియల సంఖ్యయైన 12 చేత భాగించినచో, రామన్ వర్ణపటమునకు లభించునవి అయిదే యని తేలును. అందులో ఒకటి కార్బను చుట్టునున్న మూడు ఆక్సిజనులును ఒక్కసారిగా వెలుపలికి పోయి, మరల ఒక్కసారిగా లోనికి వచ్చు కంపనము, రాయి ఊపిరి తీసినట్లుండునది. అది సెంటీమీటరునకు 1086 తరంగసంఖ్య వద్ద బలమైన గీతయై కనబడును.

నేను తొలిసారి ఈ లెక్క చేసిన రాత్రి, ఊపిరివంటి ఆ కంపనములు ఒకటిన్నర యని వచ్చినది. సగము కంపన మెచ్చటను ఉండదు. తెల్లవారుజామున, కొండదిగు ఇనుపఖనిజపు గూడ్సుబండి చప్పుడు వినుచు మరల చూచితిని: అర్ధభ్రమణమున కార్బనులు రెండును నిలుచునని వ్రాసి, అదే అక్షముపై నున్న రెండు ఆక్సిజనులును కదలవను మాట మరచితిని. వానిని చేర్చగానే ఒకటిన్నర ఒకటి యయ్యెను. లెక్క యింత నిజాయితీగా తన తప్పును తానే చూపు విద్య మరియొకటి నాకు తెలియదు.

1991లో జపానున ఈజిమా కార్బను నానోనాళములను వర్ణించినప్పుడు, వాని వ్యాసము నానోమీటర్లలో కొలువవలసినంత చిన్నదైనను, ఈ విద్య పాతబడలేదు. నాళము చుట్టుకొలత యంతయు ఒక్కసారిగా ఉబ్బి ముడుచుకొను కంపనము ఒకే గోడ గల నాళములకును కలదు. దానికి శాస్త్రజ్ఞులు పెట్టిన పేరే శ్వాసకంపనము. 1997లో అప్పారావు, ఎక్లుండ్, మిల్‌డ్రెడ్ డ్రెసెల్‌హౌస్ మున్నగువారు ఆ నాళముల రామన్ వర్ణపటమును వ్యాసభేదముతో ముడివెట్టి చూపిరి. సిలికానుపై ఒంటిగా పరుండిన నాళమున కైనచో, 248ని ఆ గీత తరంగసంఖ్యచే భాగించిన, నానోమీటర్లలో వ్యాసము సుమారుగా తెలియును. ఆ డ్రెసెల్‌హౌస్ గారే సహరచయితలతో 2008లో ఘనపదార్థ భౌతికమునకు సమూహ సిద్ధాంత వినియోగమును గూర్చి పెద్ద గ్రంథము వ్రాసిరి. దాని పేరు వినగానే నాకు వాల్తేరు గ్రంథము తలపునకు వచ్చినది.

నా పూర్వవిద్యార్థిని యొకతె ఇప్పుడు పరదేశమున ఏకపరమాణు మందము గల పొరలపై పరిశోధన చేయుచున్నది. మొన్న రాత్రి ఫోనులో, “మాస్టారూ, నా లెక్కలో అర వచ్చిందండీ” అని ఆనందముతో చెప్పినది. నేను కాగితము తీసికొని, ఆమె చెప్పుచుండగా పరమాణువులను ఒక్కొక్కటిగా చుక్కలు పెట్టి, అక్షములు గీయ మొదలిడితిని.