పటంలో లేని అమ్మలు

నేనుండే హయత్‌నగర్‌కి ఆ పేరు హయాత్ బక్షీ బేగం వల్ల వచ్చింది. కుతుబ్‌షాహీ రాజు కూతురు, రాజు భార్య, రాజు తల్లి. ఆమె పేరున్న 17వ శతాబ్దపు మసీదు ఇప్పటికీ ఉంది. మరి రాతి కట్టడం లేని ఆడవాళ్ళ పేర్లు ఎక్కడ నిలుస్తాయి?

ఈ ప్రశ్నే నన్ను లక్డీకాపూల్ దగ్గరి ఏ.సి.గార్డ్స్ వైపు మళ్ళించింది. ఏ.సి. అంటే ఆఫ్రికన్ కావల్రీ. వనపర్తి సంస్థానం నుంచి నిజాం కొలువుకి చేరిన సిద్దీల ఆశ్విక దళం కాపురమున్న చోటది. 1948లో హైదరాబాద్ రాజ్యం భారతదేశంలో కలిశాక ఆ దళం రద్దయింది. వారసులు అక్కడే మిగిలారు. హబ్సిగూడ, సిద్దిఅంబర్ బజార్ పేర్లలోనూ ఆ జాడే వినిపిస్తుంది.

అయితే ఈ పేర్లన్నీ కూర్చి వారసత్వ పటం గీస్తే అందులో కనిపించేది కవాతు చేసిన మగవాళ్ళే. 'గార్డ్స్' అన్న మాటలో భార్యకీ కూతురికీ చోటు లేదు. కొలువు పోయాక పొయ్యి ఎలా వెలిగిందో ఆ పటం చెప్పదు. పెళ్ళి ఊరేగింపుల్లో మర్ఫా దరువు అందరం విన్నాం. ఇంటి లోపల ఆ లయ ఏ తల్లి నోట నిలిచిందో అడగలేదు.

తప్పు నాలోనూ ఉంది. చిన్నప్పుడు 'నల్లపిల్ల' అనిపించుకున్న నేను టోనీ మారిసన్ 'ద బ్లూయెస్ట్ ఐ' చదివి ఏడ్చాను. గుర్తులేని జోరా నీల్ హర్‌స్టన్ సమాధిని వెతుక్కుంటూ వెళ్ళి, 1973లో ఆలిస్ వాకర్ రాయి పెట్టించిన సంగతి క్లాసులో గొంతు పూడుకుపోతుండగా చెప్పాను. నా ఊళ్ళోనే ఉన్న సిద్దీ స్త్రీల గడప మాత్రం తొక్కలేదు. దూరదేశపు నలుపు నాకు సాహిత్యమైంది. దగ్గరి నలుపు కంటికి ఆనలేదు.

దారి మనకు తెలియనిది కాదు. తెలంగాణ సాయుధ పోరాటంలోని స్త్రీల జ్ఞాపకాలను వాళ్ళ మాటల్లోనే స్త్రీ శక్తి సంఘటన 1986లో 'మనకు తెలియని మన చరిత్ర'గా తెచ్చింది. అయితే రికార్డర్ పట్టుకుని బయల్దేరేముందు ఒకటి తేల్చుకోవాలి. తరాలుగా హైదరాబాదీలైన వాళ్ళను మళ్ళీ 'ఆఫ్రికా వాళ్ళు'గా వేరుచేసి చూపడం గుర్తింపు అవుతుందా, కొత్త వెలి అవుతుందా? జవాబు చెప్పాల్సింది వాళ్ళు. ఏ గల్లీకి ఏ అమ్మ పేరు రాయాలో, ఏది రాయకూడదో కూడా వాళ్ళే చెప్పాలి. పెన్సిల్ వాళ్ళ చేతికిచ్చి పక్కన కూర్చోవడమే ఇక నా పని.