మాట తడబడే చోట

మండు వేసవి. దాహంతో గొంతు ఎండిపోతోంది. అయినా గ్లాసు పెదవికి తగలగానే ఆ అమ్మాయి దాన్ని పక్కకి నెట్టేసేది. ఇలా ఆరు వారాలు గడిచాయి. ఖర్బూజాల్లాంటి పళ్ళతోనే దాహం తీర్చుకునేది. ఎందుకని అడిగితే ఆమెకే తెలియదు. ఊరు వియన్నా, కాలం 1880 దశకం మొదలు, వైద్యుడు యోసెఫ్ బ్రాయర్. ఒకరోజు హిప్నోసిస్‌లో ఉండగా, తనకు తోడుగా ఉండే ఇంగ్లీషావిడ మీద ఆ అమ్మాయి చిరాకు పడటం మొదలుపెట్టింది. ఓసారి ఆవిడ గదిలోకి వెళ్తే, ఆవిడ కుక్క గ్లాసులో మూతిపెట్టి నీళ్ళు తాగుతోందట. మర్యాదకి ఏమీ అనకుండా ఊరుకుంది. ఆనాడు మింగేసిన అసహ్యమంతా ఇప్పుడు వెళ్ళగక్కి, నీళ్ళు కావాలంది. గటగటా తాగుతూ, గ్లాసు పెదవుల దగ్గర ఉండగానే మెలకువలోకి వచ్చింది.

ఆమె అసలు పేరు బెర్తా పాపెన్‌హైమ్. వైద్య చరిత్రలో మాత్రం ‘అన్నా ఓ’. జబ్బు ముదిరిన రోజుల్లో మాతృభాష జర్మన్ ఆమె నోట రాలేదు, ఇంగ్లీషే వచ్చేది. అందుకే ఈ వైద్యానికి ఆమె పెట్టిన పేరు కూడా ఇంగ్లీషులోనే ఉంది: ‘టాకింగ్ క్యూర్’. 1895లో బ్రాయర్, సిగ్మండ్ ఫ్రాయిడ్ కలిసి అచ్చువేసిన పుస్తకం చదివితే ఆమెకు పూర్తిగా నయమైందనిపిస్తుంది. నిజానికి 1882లో బ్రాయర్ వైద్యం ముగిశాక ఆమెను శానటోరియంలో చేర్చాల్సి వచ్చింది. తర్వాత ఏళ్ళకు కోలుకుని జర్మనీలో యూదు మహిళల సంఘాన్ని నడిపిన నాయకురాలైంది. అంటే మనసు అడుగుపొరల్ని వెతికే డెప్త్ సైకాలజీ పుట్టుక కథలోనే కొంత అతిశయోక్తి ఉంది. అది ఒప్పుకుంటూనే మరో మాట చెప్పాలి. మనసు లోతుల గురించి ఈ సంప్రదాయం కట్టిన సిద్ధాంతాల్లో చాలావాటికి బీటలు వారాయి. అది నేర్పిన వినే పద్ధతి మాత్రం చెక్కుచెదరలేదు.

ఆ పద్ధతి ఒక్క రోజులో రాలేదు. 1885లో ఫ్రాయిడ్ పారిస్ వెళ్ళి, హిప్నోసిస్‌తో హిస్టీరియా లక్షణాలను రప్పించి చూపే షార్కో దగ్గర కొన్ని నెలలు ఉన్నాడు. తీరా తన రోగుల్లో అందరూ హిప్నోసిస్‌కి లొంగలేదు. నుదుటి మీద చెయ్యి అదిమి, ఇప్పుడు గుర్తొస్తుంది చెప్పమని ఒత్తిడి చేసి చూశాడు. ‘ఎమ్మీ’ అనే మారుపేరుతో అతను రాసిన ఒకావిడ విసుక్కుని, అదెక్కడిది ఇదెక్కడిది అని అడగడం మానేసి నన్ను చెప్పుకోనివ్వండి అంది. ఫ్రాయిడ్ గొప్పతనమల్లా ఆ చివాట్లని పాఠంగా తీసుకోవడంలో ఉంది.

అలా తేలిన నియమం వినడానికి సులువు, పాటించడమే కష్టం. మనసులో మెదిలిన ప్రతిదీ చెప్పెయ్యాలి. అల్పమైనా అసభ్యమైనా, సంబంధం లేనిదైనా సరే. రైలు కిటికీ పక్కన కూర్చున్నవాళ్ళు బయట కనిపిస్తున్నదంతా లోపలివాళ్ళకు వర్ణించినట్టు చెప్పమనేవాడు ఫ్రాయిడ్. రోగి సోఫా మీద వాలి ఉంటే, తాను తలవైపు వెనకాల, కనపడకుండా కూర్చునేవాడు. దీనికి శాస్త్రీయ కారణాలతో పాటు మరొకటీ దాచకుండా రాశాడు: రోజుకి ఎనిమిది గంటలు జనం తనకేసి చూస్తూ ఉంటే భరించలేడట! వినేటప్పుడు నోట్సు రాసుకోడు. ముఖ్యమైనదేదో ముందే తేల్చుకోడు. ధార ఎక్కడ తెగుతుంది, ‘అబ్బే, అది చెప్పేంత విషయం కాదులెండి’ అన్న మాట ఎక్కడ వస్తుంది, తెలిసిన పేరు ఎక్కడ గుర్తురాకుండా పోతుంది, వీటి మీదే చెవి.

కలల విషయంలోనూ అంతే. కలలో పాము కనిపిస్తే ఇది, ఏనుగు కనిపిస్తే అది అని ఫలితాలు చెప్పే స్వప్నశాస్త్రం మన పంచాంగాల్లో ఉంది. యూరప్‌లోనూ అలాంటి పుస్తకాలుండేవి. ఫ్రాయిడ్ కలను ముక్కలు చేసి, ఒక్కో ముక్క దగ్గరా నీకేం గుర్తొస్తోందని కలగన్నవాళ్ళనే అడిగాడు. కలల గురించి అతను రాసిన పుస్తకం 1899 నవంబరులో వచ్చినా, దాని మీద 1900 అని వేశారు. 600 ప్రతులు అమ్ముడవడానికి ఎనిమిదేళ్ళు పట్టింది.

ఇంతకీ ‘డెప్త్ సైకాలజీ’ అన్న పేరు ఫ్రాయిడ్ పెట్టింది కాదు. జ్యూరిచ్‌లో బుర్గ్‌హోల్జ్‌లీ ఆసుపత్రి అధిపతి ఓయిగెన్ బ్లాయ్లర్ పెట్టాడంటారు. అక్కడే యువ వైద్యుడు కార్ల్ యూంగ్ ఈ వినికిడికి గడియారం తగిలించాడు. వంద మాటల జాబితా, చేతిలో స్టాప్‌వాచ్. ఒక మాట అనగానే తోచిన మొదటి మాట చెప్పాలి. ఒక రోగి ‘ఆకుపచ్చ’, ‘సిరా’ లాంటి మాటలకు రెండు సెకన్ల లోపే జవాబిచ్చారు. నీళ్ళు, ఓడ, సరస్సు, ఈత అనే నాలుగింటి దగ్గరే మూడు నుంచి ఐదు సెకన్లు ఆగారు. ఓడ అంటే వచ్చిన జవాబు మునగడం. విచారిస్తే, కొంతకాలం కిందట నీళ్ళలో దూకి చనిపోదామనుకున్నారని తేలింది. ఒకసారి పూర్తయ్యాక మళ్ళీ మొదటికొచ్చి, ఇందాక ఏం చెప్పారో గుర్తుచేసుకోమనేవాడు. తడబడిన చోటే మరపు కూడా పొంచి ఉండేది. పురాణాలూ ఆదిరూపాలూ అంటూ యూంగ్ తర్వాత రాసిన బృహద్గ్రంథాల కన్నా నాకు ఈ స్టాప్‌వాచ్ మీదే నమ్మకం ఎక్కువ.

1913 నాటికి ఫ్రాయిడ్, యూంగ్ విడిపోయారు. అంతకు రెండేళ్ళ ముందే ఫ్రాయిడ్ మరో సహచరుడు ఆల్ఫ్రెడ్ ఆడ్లర్, న్యూనతాభావమే ముఖ్యమంటూ తన దారి తాను చూసుకున్నాడు. ఆ తగాదాల కన్నా ముఖ్యం, వినేవాడే చెవులు మూసుకుంటే ఏమవుతుందన్నది. ‘డోరా’ అని ఫ్రాయిడ్ పిలిచిన పద్దెనిమిదేళ్ళ అమ్మాయి, తండ్రి స్నేహితుడు తన మీద చెయ్యి వేశాడని చెప్పింది. నీకూ అతనంటే లోలోపల ఇష్టమేనన్నది ఫ్రాయిడ్ వ్యాఖ్యానం. ఆమె కాదంటే, ఆ కాదనడమే అవునన్నదానికి రుజువు! పదకొండు వారాలకు, 1900 చివర్లో, ఆమె వైద్యం మానేసి వెళ్ళిపోయింది. ఏం జరిగినా తప్పని తేలే వీలు లేని సిద్ధాంతం శాస్త్రం ఎలా అవుతుందని తత్వవేత్త కార్ల్ పాపర్ తర్వాత అడిగిన ప్రశ్నకు ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

మన దేశం నుంచి ఆ ప్రశ్న మరో రూపంలో వెళ్ళింది. కలకత్తాలో 1922లో భారతీయ మనోవిశ్లేషణ సంఘం పెట్టిన గిరీంద్రశేఖర్ బోస్ ఫ్రాయిడ్‌తో ఉత్తరాలు నడిపాడు. యూరప్ మగవాళ్ళలో చెప్పే అంగచ్ఛేద భయం తన భారతీయ రోగుల్లో అంత బలంగా కనిపించడం లేదనీ, స్త్రీ కావాలన్న కోరిక తేలిగ్గానే బయటపడుతోందనీ రాశాడు. ఫ్రాయిడ్ ఆ వాదాన్ని స్వీకరించలేదు. డెబ్బై ఐదో పుట్టినరోజుకి ఆ సంఘం పంపిన దంతపు విష్ణుమూర్తిని మాత్రం బల్ల మీద పెట్టుకున్నాడు.

తెలుగువాళ్ళకి ఈ గాలి నవలల ద్వారా సోకింది. బుచ్చిబాబు ‘చివరకు మిగిలేది’లో తల్లి మీద పడిన నింద నీడలోంచి దయానిధి బయటపడలేడు. రావిశాస్త్రి ‘అల్పజీవి’ సుబ్బయ్య ఎవరు గట్టిగా మాట్లాడినా లోపల్లోపలే కుంచించుకుపోతాడు. 1969లో వచ్చిన నవీన్ ‘అంపశయ్య’ ఉస్మానియా విద్యార్థి రవి ఒక్క రోజు ఆలోచనలను వడకట్టకుండా కాగితం మీద పెట్టింది. చైతన్యస్రవంతినంతా ఫ్రాయిడ్ ఖాతాలో వెయ్యలేం, ఆ పేరుకి ప్రచారం తెచ్చింది విలియం జేమ్స్. అయినా మనిషి పైకి అన్నదానికీ లోపల అనుకున్నదానికీ మధ్య సందులోనే కథ ఉందన్న ధైర్యాన్ని మన రచయితలకిచ్చింది ఈ సంప్రదాయమే.

అదే సందు వ్యాపారులకీ కనిపించింది. ఫ్రాయిడ్ మేనల్లుడు ఎడ్వర్డ్ బర్నేస్ 1929 ఈస్టర్ నాడు న్యూయార్క్ ఫిఫ్త్ అవెన్యూలో ఆడవాళ్ళ చేత సిగరెట్లు వెలిగింపజేసి, వాటిని స్వేచ్ఛా జ్యోతులన్నాడు. ఆ ఆలోచన ఒక మనోవిశ్లేషకుడి దగ్గర ఫీజిచ్చి తెచ్చుకున్నది. వియన్నా నుంచి అమెరికా చేరిన ఎర్నెస్ట్ డిష్టర్ ఇంకో అడుగు వేశాడు. ఐవరీ సబ్బు ఎందుకు కొంటారని అడగకుండా, స్నానం గురించి తోచిందల్లా చెప్పమని జనాన్ని మాట్లాడించాడు. శరీరం, శుభ్రత, పాపం, సరసం అన్నీ బయటికొచ్చాయి. మార్కెట్ పరిశోధనలో ‘డెప్త్ ఇంటర్వ్యూ’ ఇవాళ్టికీ మామూలే. సోఫా మీద పడుకున్న మనిషి తన మాటలకి తానే డబ్బు కట్టి, వాటి అర్థం తానే ఇంటికి తీసుకెళ్ళేది. ఇక్కడ డబ్బు కంపెనీది, నివేదికా కంపెనీకే వెళుతుంది.