ముద్ర చరణం: తిరువూరు ప్రాంత భజన సమాజాలు, ఔత్సాహిక గేయకర్త

తెలుగు జానపద గేయ పరిశోధన రెండు రకాల పాటగాళ్లను మొదటినుంచీ బాగా గుర్తించింది. జంగాలు, పిచ్చుకుంట్లవారు, శారదకాండ్రు వంటి వృత్తి గాయకులు ఒక వర్గం. నాట్లలో, కోతల్లో, తిరగలి దగ్గర, పెండ్లి పందిళ్లలో పాడుకొనే శ్రామికులు, స్త్రీలు మరొక వర్గం. మొదటి వర్గాన్ని కులవృత్తుల చరిత్రలో భాగంగాను, రెండవ వర్గాన్ని అజ్ఞాతకర్తృక సాహిత్యానికి ఆకరంగాను పరిశీలించారు. ఈ రెండింటి నడుమ ఉన్న మూడవ మనిషి మీద చూపు నిలవలేదు. పగలు సేద్యమో, బడిపంతులు పనో, కుట్టుపనో చేసుకొని, రాత్రి భజన గుడిలో హార్మోనియం ముందు కూర్చొని సొంతంగా పాట కట్టేవాడు ఇతడు. పాట అతనికి జీవిక కాదు. అలాగని అతని పాట అజ్ఞాతకర్తృకమూ కాదు. చివరి చరణంలో అతని పేరు ఉంటుంది. అందువల్లనే వృత్తి గాయకుల పట్టికలోను, జానపద గేయ సంకలనంలోను, సాహిత్య చరిత్రలోను అతనికి చోటు దొరకలేదు.

ఈ స్థితిని పరిశీలించడానికి తిరువూరు ప్రాంతం అనువైనది. విజయవాడనుంచి మైలవరం, తిరువూరు, కొత్తగూడెం మీదుగా భద్రాచలం చేరి జగదల్‌పూర్‌కు సాగే 30వ నంబరు జాతీయ రహదారి మీద ఈ పట్టణం ఉంది. 1956 వరకు దీనికి సమీపంలోనే హైదరాబాదు రాష్ట్రపు సరిహద్దు ఉండేది. 2022 వరకు కృష్ణా జిల్లాలో, ఆ తరువాత ఎన్టీఆర్ జిల్లాలో ఉన్న ఈ ప్రాంతానికి ఆవలివైపు ఖమ్మం జిల్లా. రామదాసు పుట్టిన నేలకొండపల్లి, ఆయన గుడి కట్టించిన భద్రాచలం ఆ వైపువి. క్షేత్రయ్య ముద్రలో నిలిచిన మువ్వ (నేటి మొవ్వ) కృష్ణా జిల్లాలోది. నెమలి వేణుగోపాలస్వామి ఆలయం పొరుగున గంపలగూడెం మండలంలో ఉంది. శ్రీరామనవమి, ధనుర్మాసం, నామసప్తాహం, కోలాటం వంటి సందర్భాల్లో రామభజనకూ గోపాల కీర్తనకూ సమానంగా చోటున్న నేల ఇది. ఇటువంటి చోట పాట కట్టేవాడికి నమూనాలకు కొదవ ఉండదు.

భజన సమాజం పని తీరును కాస్త వివరంగా చూడాలి. ఎందుకంటే పాట రూపాన్ని నిర్ణయించేది కవి అభిరుచి ఒక్కటే కాదు. గణపతి ప్రార్థనతో మొదలై మంగళహారతితో ముగిసే క్రమంలో కొత్త పాటకు దొరికే చోటు చిన్నది. ముందు పాడేవాడు పల్లవి ఎత్తుకొంటే వంతపాటవారు అందుకోవాలి. వారి చేతిలో పుస్తకం ఉండదు, తాళాలు ఉంటాయి. రెండుసార్లు విని మూడోసారి పాడగలిగినంత తేలికగా పల్లవి ఉండాలి. పాదాంతంలో దీర్ఘంగాని, సంబోధనగాని ఉంటే గుంపు గొంతు అక్కడ నిలుస్తుంది. కోలాటంలో ఈ పరీక్ష మరింత కఠినం. కోపు విలంబంగా మొదలై క్రమంగా వేగం పుంజుకొంటుంది. నెమ్మదిగా పాడినప్పుడు హుందాగా వినిపించిన నాలుగు పదాల సంస్కృత సమాసం, వేగం పెరిగి కోల మీద కోల పడేటప్పటికి నోట నలిగిపోతుంది. అనుభవమున్న పాటగాడు దాన్ని తీసేసి రెండక్షరాల తెలుగు మాటలు వేస్తాడు. అచ్చులో చూసి ‘భాష పలచన’ అని విమర్శకుడు అనే చోట నిజానికి జరిగింది ఇది. భజన పాటను కాగితం మీది కవితా ప్రమాణాలతో తూచినంతకాలం ఈ సవరణలోని నేర్పు లెక్కకు రాదు.

1929లో పీటర్ బొగాతిరేవ్, రోమన్ యాకొబ్సన్ కలిసి రాసిన ప్రసిద్ధ వ్యాసంలో, మౌఖిక రచన పుట్టుక వ్యక్తి దానిని అల్లినప్పుడు కాక సమాజం దానిని అంగీకరించినప్పుడు జరుగుతుందని వాదించారు. సమాజం ముందుగానే జరిపే వడపోత అన్న భావన వారిది. వారి మాటల్లో ‘సమాజం’ ఒక సైద్ధాంతిక సముదాయం. తెలుగు ఊళ్లో భజన సమాజమంటే పేర్లతో పిలవదగిన పది పదిహేనుమంది. వడపోత జరిగే రాత్రి ఏదో, చోటు ఏదో చెప్పవచ్చు. ఏ పాదాన్ని వంతపాటవారు అందుకోలేకపోయారో, ఎవరు ఏ మాట మార్చమన్నారో పాటగాడి నోటుపుస్తకంలో కొట్టివేతలుగా కనిపిస్తుంది. ఈ కొట్టివేతలను పాఠభేదాలుగా గౌరవించే పరిశోధన పద్ధతి ఇంకా ఏర్పడలేదు. తాళపత్ర ప్రతిలోని ఒక అక్షరం మీద పుటలకు పుటలు రాసిన సంప్రదాయానికి ఇది అలవికాని పనేమీ కాదు.

నోటుపుస్తకంలో పాట నెత్తిన ఉండే ‘వరుస’ పంక్తి మరొక ముఖ్యమైన ఆధారం. ‘ఫలానా పాట అను వరుస’ అని రాసుకోవడం అచ్చు కీర్తనల పుస్తకాల్లోనూ ఉన్న అలవాటే. ఆ ఫలానా పాట చాలా సందర్భాల్లో సినిమా పాట కావడం వల్ల పరిశోధకులు ముఖం చిట్లించారు. సేకరణలో దానిని కల్తీగా పక్కన పెట్టారు. కాని వరుస పంక్తి దొంగతనాన్ని దాచదు. అప్పును పేరుపెట్టి ఒప్పుకొంటుంది. సంగీత లిపి తెలియని రచయితకు అదే స్వరలిపి. ఒక్క పంక్తితో రాగం, గతి, పాద ప్రమాణం మూడూ పక్క ఊరి పాటగాడికి అందుతాయి. ఆ పంక్తివల్ల పాట ఏ దశాబ్దానికి ముందు పుట్టి ఉండదో కూడా తెలుస్తుంది. కాలనిర్ణయానికి ఇంత సూటి ఆధారం జానపద గేయాల్లో అరుదు. అయితే వరుసకు లొంగిపోయి, మూలంలోని శృంగార పదాల తూకాన్నే భక్తికి తగిలించిన పాటలూ లేకపోలేదు. అక్కడ భావం బాణీకి బానిస అవుతుంది. అటువంటి పాటకు సానుభూతి చూపనక్కరలేదు.

ఇక ముద్ర. రామదాసుగా ప్రసిద్ధుడైన కంచర్ల గోపన్న పాల్వంచ పరగణా తహశీలుదారు. గుంటూరులో రెవెన్యూ ఉద్యోగం చేసి, పంతొమ్మిదవ శతాబ్ది తొలి దశాబ్దాల్లో భద్రాచల ఆలయ నిర్వహణ చేపట్టిన తూము నరసింహదాసు కూడా కొలువులోంచి కీర్తనలోకి వచ్చినవాడే. వీరిద్దరూ పాటతో పొట్ట పోసుకొన్నవారు కారు. నేటి పాటగాడు తన పేరు చివర ‘దాసుడు’ చేర్చుకొన్నప్పుడు వినయాన్ని ప్రకటించడంతోపాటు ఈ ఉద్యోగి–వాగ్గేయకారుల వంశంలో తనను నిలుపుకొంటున్నాడు. దాసు అన్న మాట చాటున హక్కు ప్రకటన ఉంది. తన ఊరి పేరును దేవుడికి విశేషణంగా వాడి, ఎక్కడి పాటో కూడా అదే పాదంలో చెప్పేస్తాడు. కర్త, స్థలం, ఇష్టదైవం ఒక్క పంక్తిలో ఇమిడిన ఈ చరణాన్ని ‘వ్యక్తిగతం’ అని సంకలనకర్త వదిలేస్తే, మిగిలిన పాట తప్పనిసరిగా అజ్ఞాతకర్తృకంగానే కనిపిస్తుంది. అంటే అజ్ఞాతత్వం కొన్నిచోట్ల పాట లక్షణం కాదు, సేకరణ ఫలితం. (సేకర్త పేరు మాత్రం ముఖపత్రం మీద భద్రంగానే ఉంటుంది.)

సిద్ధాంతం అడ్డువచ్చిందని అనడానికి కూడా వీలులేదు. అంతర్జాతీయ జానపద సంగీత మండలి 1954లో సావో పాలో సమావేశంలో ఆమోదించిన నిర్వచనమే, ఒక వ్యక్తి రచించగా తరువాత సమూహపు అలిఖిత సంప్రదాయంలో కలిసిపోయిన పాటను జానపదంగా అంగీకరించింది. తెలుగు పాఠ్యపుస్తకాల్లో ‘అజ్ఞాతకర్తృకం’ అన్న లక్షణం ఇంకా మొదటి వరుసలో నిలిచి ఉండడం అలవాటు బలమే.

పేరు నిలవడం పాట గుణాన్ని బట్టి కాదనడానికి పోలికలున్నాయి. ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు సంపుటి పాటతోపాటు కర్త పేరు, రాగతాళాలు అచ్చువేసింది. పురుషోత్తమ చౌదరి పేరు తెలియని తెలుగు క్రైస్తవ సమాజం ఉండదు. సరిహద్దుకు ఆవల గొల్లసుద్దుల రూపాన్ని పోరాటానికి మళ్లించిన సుద్దాల హనుమంతు పేరును ఉద్యమం మోసింది. విశాఖ షిప్‌యార్డు కార్మికుడైన వంగపండు ప్రసాదరావు పేరును జననాట్యమండలి నిలిపింది. అదే ఉద్యమ కాలపు బండి యాదగిరి పాట ‘మా భూమి’ చిత్రంతో ఊరూరా చేరింది గాని, పాట తెలిసినంతగా ఆయన పేరు తెలియదు. గ్రంథమో, పార్టీయో, దళమో కర్తకు కాపు కాసిన చోట పేరు మిగిలింది. భజన సమాజపు పాటగాడికి ఉన్న కాపు చివరి చరణం ఒక్కటే.

ఆ చరణం ఇప్పుడు రెండువైపుల నుంచి కోతకు గురవుతున్నది. మహిళా కోలాట బృందాలు విస్తరించాక ఊరేగింపులకు, వేదికలకు సమయం నిమిషాల్లో కేటాయిస్తున్నారు. పల్లవి, రెండు చరణాలతో పాట ఆపవలసి వచ్చినప్పుడు మొదట పోయేది ముద్రే. సెల్‌ఫోన్ చిత్రీకరణలో గురువు పేరు, బృందం పేరు, ఊరి పేరు కనిపిస్తాయి. పాట రాసినవారి పేరు కనిపించదు. ఈ బృందాల్లో పాట కడుతున్న స్త్రీల సంగతి మరింత చిక్కైనది. దాసు పరంపర వారికి సిద్ధంగా ఇచ్చిన ముద్ర రూపాలు తక్కువ. తరిగొండ వెంగమాంబ వంటి పూర్వరూపం ఉన్నా, తమ పేరును గుంపు గొంతులో పెట్టడానికి సంకోచించి, గురువు పేరునో ఊరి దేవత పేరునో ముద్రగా వేసే వీలుంది. అటువంటి పాటను చివరి చరణం ఆధారంగా ఆ గురువుకు అంటగట్టకుండా ఉండాలంటే, సేకర్త ఆమె నోటుపుస్తకం అడిగి చూడాలి. మొదటి ప్రతి ఎవరి చేతిరాతో, వరుస పంక్తి ఏదో, కొట్టివేతలు ఎక్కడున్నాయో నమోదు చేయాలి. రచయిత్రి బతికి ఉండగానే చేయవలసిన పని అది.