నాలుగు గోడల నడుమ రేడియో తరంగము

భవనముల లోపల రేడియో తరంగము ఎంత దూరమునకు ఎంత క్షీణించునో ముందుగా లెక్కగట్టుటకు అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘము 1997లో ఒక సూత్రమును సిఫారసు చేసినది. పి.1238 అని దాని పేరు. లాగరిథములు తెలిసిన విద్యార్థి యెవడైనను దానిని వాడగలడు. ఆ సౌలభ్యమే చిక్కు తెచ్చుచున్నది.

అడ్డులేని ఆరుబయట దూరము రెట్టింపైనచో అందు శక్తి నాల్గవ వంతగును. అనగా 6 డెసిబెల్ల నష్టము. కార్యాలయ భవనములో, 2,000 మెగాహెర్ట్జ్ ప్రాంతమున, అదే రెట్టింపునకు 9 డెసిబెల్లు, అనగా ఎనిమిదవ వంతు మాత్రమే మిగులునని ఈ సూత్రము చెప్పును. బాగుగనే యున్నది. కాని ఏ భవనము? తాండూరు వైపు నాపబండల ఇల్లు, వికారాబాదులోని కాంక్రీటు మేడ, ఇనుప బీరువాలు నిండిన కచేరీ గది తరంగమునకు ఒక్కటి కావు. గోడ మందము, తేమ, తలుపులు అన్నియు ఒక్క గుణకములో ఇమిడిపోవలెను! సూత్రకర్తలు ఈ లోపమును దాచలేదు. కార్యాలయములలో ప్రామాణిక విచలనము 10 డెసిబెల్లని వారే పట్టికలో ఇచ్చిరి. 10 డెసిబెల్లనగా పది రెట్లు. సుమారు మూడు చోట్లలో ఒకచోట అసలు శక్తి, లెక్కకు వచ్చినదానికి పది రెట్లు మించియో, పదవ వంతునకు తగ్గియో ఉండునన్నమాట. సూత్రమును ఎత్తి వ్రాయువారు పలువురు ఈ పట్టికను మాత్రము వదలివేయుదురు.

ఇక కొలతల సంగతి. వైఫై వాడు 2,400 మెగాహెర్ట్జ్ తరంగము పొడవు 12.5 సెంటీమీటర్లు. గోడలనుండి పరావర్తనము చెందిన తరంగములు ఒకచోట కలిసి బలపడును, కొన్ని సెంటీమీటర్లు జరిగిన ఒకదానినొకటి చంపుకొనును. (అనంతగిరికి దాపున దామగుండములో 2024 అక్టోబరు 15న శంకుస్థాపన జరిగిన నౌకాదళ కేంద్రము వాడదలచిన తరంగములు పది కిలోమీటర్లకు మించినవి, వాటికి మన గోడలు లెక్కలోనివి కావు.) కాబట్టి ఫోనును బల్లపై పెట్టి ఒక్క అంకె వ్రాసికొనుట కొలత కాదు. మీటరు పొడవున జరుపుచు పలు అంకెలు తీసి సగటు కట్టవలెను. పట్టుకొన్నవాని దేహము కూడ తరంగమును మింగును.

అన్నిటికన్న పెద్ద దోషము వేరొకటి. కొలతలనుండి గుణకమును రాబట్టి, అవే కొలతలతో సూత్రము సరిపోయినదని చాటుట. ప్రశ్నపత్రము ముందే చూపి మార్కులు వేయుటకు దీనికి భేదమేమి? పడమటి వరుస గదులలో గుణకము కట్టి, తూర్పు వరుసలో పరీక్షింపవలెను. పాఠశాలకు ఎన్ని వైఫై పెట్టెలు కొనవలెనో ఈ లెక్కపైననే తేలును; లెక్క తప్పినచో, చివరి గదిలోని పిల్లలకు పాఠము అందదు.